వేలు ముద్రలో, విజ్ఞానం వృద్ధిలో

మన బోధనాసుపత్రుల్లో పరిశోధనలు జరగడం లేదని ఏడ్చేవాళ్లు ఒక్కసారి థీసిస్ గడువు ముంచుకొచ్చిన నెలలో ఏ ఓపీకైనా వెళ్లి రావాలి. పీజీ డాక్టరు మెడలో స్టెతస్కోపు లేకపోయినా చేతిలో స్టాంప్ ప్యాడ్ ఉంటుంది.

పరిశోధనలో చేరడానికి రోగి ఒప్పుకున్నట్టు రాయించుకునే కన్సెంట్ ఫారం పవిత్రమైన పత్రం. అందులో ఏముందో రోగికి తెలియదు, చెప్పడానికి డాక్టరుకు తీరిక లేదు, పరిశోధనల్లో న్యాయాన్యాయాలు చూడాల్సిన ఎథిక్స్ కమిటీకి పేజీలు సరిపోతే చాలు. ఎవరికీ ఏ టెన్షనూ లేదు.

ఈ విషయంలో దంతవైద్యానిది మిగతా విభాగాలకు అందని ఎత్తు. చిగుళ్లకు కొత్త జెల్ పరీక్షించాలి. పెద్దాయన కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోట్లో అద్దం, ప్రోబు, ఉమ్మి లాగే గొట్టం, రెండు దూది ఉండలు. అప్పుడు అడుగుతారు: "బాబాయ్, చిన్న స్టడీ చేస్తున్నాం, ఫర్వాలేదుగా?" బాబాయ్ "ఆఁ" అంటాడు. ఇంకేమనగలడు? అంత సామాను నోట్లో పెట్టుకుని "నాకు అసలు మందు పడుతుందా, ఉత్తుత్తి మందా?" అని అడగ్గలడా? చదవలేని రోగికి వివరిస్తున్నంతసేపూ నిష్పాక్షికమైన సాక్షి ఉండాలని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. సాక్షి పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఇప్పుడే పన్ను పీకించుకుని దూది కరిచిపట్టుకున్నాడు కాబట్టి ఎవరి పక్షానా ఒక్క మాట మాట్లాడలేడు. అటెండరు వచ్చి పెద్దాయన బొటనవేలు ప్యాడ్ మీద అద్ది కాగితాల మీద ఒత్తుతాడు. గొట్టం తీశాక ఆయన నోరు పుక్కిలించి, "పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు చేశాను నాయనా, అడిగితే సంతకమే పెట్టేవాణ్ణిగా" అంటాడు. రోగికి ఒక కాపీ ఇవ్వాలి కనుక ఇస్తారు. ఆయన దాన్ని మందుల కిటికీలో చూపిస్తే, ఈ మందు స్టాకు లేదంటారు.

జెల్ దాకా సరే, నవ్వుకుందాం. ఖమ్మం జిల్లా సంగతి గుర్తొస్తే మాత్రం నాకు నవ్వు రాదు. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనమంటూ అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు సూదులు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తర్వాత చూస్తే 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఈ లెక్క 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలోనే ఉంది. వార్డెన్ ఆ పిల్లల్ని కన్నాడా? టీకా మంచిదే, వేయించుకోమనే నేనూ చెబుతాను. అంత మంచిదైతే ఆ తల్లి ముందు కూర్చుని చెప్పడానికి ఏం రోగం? పట్నంలో ఫీజులు కట్టే పిల్లల్ని జూపార్కుకు తీసుకెళ్లాలన్నా తండ్రి సంతకం కావాలి. గూడెం పిల్ల ఒంట్లోకి సూది దించడానికి మాత్రం ఎవరో ఒకరు గీకితే చాలు!

సరే, మన పీజీ థీసిస్ పాసైంది. "పాల్గొన్నవారందరూ ఫారం చదివి, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా సంతకం చేశారు" అన్న వాక్యం అందులోనూ ఉంది. సీనియర్ థీసిస్‌లోంచి వచ్చింది, ఆ సీనియర్‌కు ఆయన సీనియర్ ఇచ్చాడు. ఈ ఏడాది అదే వాక్యం నవజాత శిశువుల విభాగానికి కూడా వెళ్లింది.