సింకు కింద మౌనవ్రతం

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలను లోలోపల తినేస్తున్న ఒక సమస్య గురించి పత్రికలు రాయడం లేదు, నాయకులు నోరు విప్పడం లేదు. అది ట్రాఫిక్కు కాదు, ఇంటద్దె కూడా కాదు. వంటింటి సింకు కింద బిగించిన గార్బేజ్ డిస్పోజర్ మొరాయిస్తే బాగు చేయించాలా, పీకేసి కొత్తది పెట్టించాలా అన్నది. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఎన్నో ఫ్లాట్లలో ఈ ప్రశ్న మీద అన్నదమ్ములు ముభావంగా ఉంటున్నారు. అత్తాకోడళ్లు మాత్రం, చరిత్రలో ఎన్నడూ లేని విధంగా, ఒక్క మాట మీద నిలబడుతున్నారు. ఇంత ముఖ్యమైన విషయం ఇంకా ఇంటి గుట్టుగానే మిగిలిపోవడం నాకు నచ్చలేదు.

మిషను చూడని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ అనే ఊళ్లో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు 1927లో దీన్ని కనిపెట్టాడు. 1935లో పేటెంటు వచ్చింది, 1938లో కంపెనీ పెట్టాడు. లోపల కత్తులు గిరగిరా తిరుగుతుంటాయని అందరూ అనుకుంటారు. అసలు కత్తులే ఉండవు. అడుగున ఒక పళ్లెం తిరుగుతుంది. దాని మీద ఉండే రెండు ఇనుప ముక్కలు చెత్తను చుట్టూ ఉన్న గరుకు వలయానికేసి బాదుతాయి. నలిగినదంతా నీళ్లతో కలిసి గొట్టంలోకి జారిపోతుంది. మన దగ్గరి, సెకనుకు 50 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటు మీద మామూలు మోటారైతే నిమిషానికి 1400 చుట్లు పైనే తిరుగుతుంది. వినడానికి బాగానే ఉంది.

హామ్స్ గారి తప్పేమీ లేదు. ఆయన తెలుగు వంటిల్లు చూడలేదు, అంతే. 1927 నాటి రసీన్‌లో గోంగూర దొరికి ఉండదు. పళ్లెంలో మిగిలిన బంగాళాదుంప, రొట్టె ముక్క, నాలుగు బఠాణీలు, ఇవే ఆయన ఎరిగిన శత్రువులు. మన సంగతి వేరు. మునక్కాడను మనం నమిలి రసం పీల్చి, పిప్పిని కంచం పక్కన పోగు పెడతాం. ముప్పై రెండు పళ్లు ఓడిపోయిన చోట రెండు ఇనుప ముక్కలు గెలుస్తాయని ఏ ధైర్యంతో అనుకున్నామో తెలియదు. ఆ పీచు పళ్లెం చుట్టూ చుట్టుకుంటుంది. తోటకూర కాడల నార, చిక్కుడుకాయ ఈనెలు, అరటిదూట తీగలు, జొన్నపొత్తి మీసాలు, శుక్రవారం కొట్టిన కొబ్బరికాయ పీచు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పురి పెట్టుకుంటాయి. వారం తిరిగేసరికి లోపల పెళ్లిపందిరికి సరిపడా తాడు తయారవుతుంది.

చింతపండు పిప్పి గింజలతో సహా దిగుతుంది. ఆవకాయ టెంక గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఏడాది పాటు నూనెలో, కారంలో నానినా మెత్తబడని ఆ టెంకను మోటారు మెత్తబరుస్తుందనుకోవడం ఆవకాయను అవమానించడమే. ఇక మిగిలిన అన్నం. అమాయకంగా కనిపిస్తుంది గానీ, నలిగి ముద్దయి నీళ్లు పీల్చి సింకు కింది వంపు గొట్టంలో కూర్చుందంటే కదలదు. దాని మీద నెయ్యి గిన్నె కడిగిన వేడినీళ్లు పడితే సరి. వేడిగా ఉన్నంతసేపు నెయ్యి కరిగి సాగిపోతుంది, కాస్త ముందుకెళ్లి చల్లబడి గొట్టం గోడకు అతుక్కుంటుంది. అందుకే మిషను వేసేటప్పుడు చల్లని నీళ్లే వదలమంటారు. ఆ మాట మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

తినేవి కాక తినకూడనివీ ఉంటాయి. అగ్రస్థానం కుక్కరు విజిలుది. తర్వాత పిల్లల చెంచాలు, మిక్సీ జారు వాషరు. పూజగదిలోంచి గిన్నెలతో పాటు కడగడానికి వచ్చిన ఉద్ధరిణి కూడా ఒక్కోసారి లోపలికి వెళ్తుంది. మిషనులోంచి వచ్చే ఆ శబ్దం విన్న ఇల్లాలు ముందు మిషను గురించి బాధపడదు.

ఇప్పుడు రోగ నిర్ణయం. నిజం చెప్పాలంటే ఇందులో పెద్ద మర్మమేమీ లేదు, తెలిసిన మెకానిక్కు అయిదు నిమిషాల్లో చెప్పేస్తాడు. స్విచ్ వేస్తే మూలుగుతోంది గానీ తిరగడం లేదంటే మోటారు బతికే ఉంది, లోపల ఏదో ఇరుక్కుంది. కరెంటు ఆపి, ప్లగ్గు పీకి, మిషను అడుగున మధ్యలో ఉండే ఆరు పలకల రంధ్రంలో అలెన్ కీ పెట్టి అటూ ఇటూ ఆడిస్తే పళ్లెం వదులవుతుంది. పైనుంచి చెయ్యి పెట్టకూడదు, ఇరుక్కున్నది పట్టకారుతో తీయాలి. ఆ రంధ్రం ఎక్కువ మిషన్లకు పావు అంగుళం. మన హార్డ్‌వేర్ షాపుల్లో అడగ్గానే ఇచ్చేది 6 మిల్లీమీటర్ల కీ. పావు అంగుళమంటే 6.35. ఆ కాస్త తేడాకే కీ లోపల జారుతూ తిరుగుతుంది, తిప్పుతున్న మనిషి మిషను ఖతమని తీర్మానించేస్తాడు.

అసలు చప్పుడే లేకపోతే అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. మోటారు మీద భారం పడి వేడెక్కినప్పుడు అది బయటికి పొడుచుకొస్తుంది. కాసేపు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే చాలు. అప్పటికీ ఉలకదంటే టెక్నీషియన్‌ని పిలిచే ముందు ప్లగ్గు చూసుకోవడం మర్యాద. దాన్ని పీకి ఆ పాయింటులో రైస్ కుక్కరు పెట్టినవారు ఇంట్లోనే ఉంటారు, తర్వాత ఒప్పుకోరు.

నీళ్లు కారుతుంటే ఎక్కడ కారుతున్నాయో చూడాలి. పైన సింకు దగ్గరైతే బోల్టులు బిగించి పుట్టీ కొత్తగా వేస్తే సరిపోతుంది. పక్కనున్న గొట్టం దగ్గరైతే రబ్బరు మార్చాలి. మిషను పొట్ట అడుగు నుంచి కారుతుంటే మాత్రం లోపలి సీలు పోయింది, నీళ్లు మోటారు దాకా వెళ్లాయి. ఇక ఖర్చు పెట్టకండి. పదేళ్లు దాటిన మిషను వారం వారం ఎర్ర బటన్ నొక్కించుకుంటున్నా, బాగు చేయడానికి కొత్తదాని ధరలో సగం అడిగినా అదే తీర్పు.

ఇంత తేలికైన లెక్క ఉండగా ఇన్ని ఇళ్లలో టెన్షన్ ఎందుకు? ఎందుకంటే మన ఇళ్లలో మిషను భవిష్యత్తును లక్షణాలు తేల్చవు, సభ తేలుస్తుంది.

సభకు అధ్యక్షులు మామగారు. విజయవాడ నుంచి రెండు నెలలకని వచ్చి ఉంటారు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: లోపల రాగి వైండింగు ఉన్న ఏ వస్తువూ చావదు. అత్తగారి అభ్యంతరం ఇంకా లోతైనది. పది కంచాల ఎంగిలి ఒక్కచోట చేర్చి రుబ్బడం ఏమిటి, అదే సింకులో నైవేద్యం గిన్నె కడగడం ఏమిటి అని ఆవిడ అడుగుతారు. రుబ్బిన తర్వాత అది ఎంగిలా, చెత్తా, నీళ్లా అన్నదానికి ఏ ధర్మశాస్త్రంలోనూ జవాబు లేదు. కోడలు మడి గురించి మాట్లాడదు. ఉద్ధరిణి తీయడానికి పట్టకారు పట్టుకుని సింకు కింద పడుకునేది చివరికి తనే కాబట్టి, అత్తయ్య చెప్పింది నిజమే అంటుంది. కొడుకు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా "రూట్ కాజ్ ఏంటో చూద్దాం" అంటాడు.

అంతలో డాలస్ నుంచి బావగారి ఫోను. "అక్కడేం కొంటావురా, వచ్చేటప్పుడు నేను పట్టుకొస్తా" అని. నిజంగానే తెస్తారు, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి. అది అమెరికా మిషను. దానికి కావాల్సింది 120 వోల్టులు, 60 సైకిళ్లు. మన గోడలోంచి వచ్చేది 230 వోల్టులు, 50 సైకిళ్లు. తిన్నగా ప్లగ్గు పెడితే దాని జీవితకాలం సెకన్లలో ముగుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే వోల్టులు తగ్గుతాయి గానీ సైకిళ్లు మారవు, పైగా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి సింకు కింద ఇంకో సింకంత చోటు కావాలి. అయినా బావగారి మనసు నొప్పించకూడదు కాబట్టి డబ్బా లాఫ్టు ఎక్కుతుంది, ఆయన వచ్చినప్పుడల్లా దిగుతుంది.

టెక్నీషియన్ కూడా వస్తాడు. సాయంత్రం అంటే బెంగళూరులో ఏ రోజు సాయంత్రమైనా కావచ్చు. వంగి చూసి, టార్చి వేసి, "ఈ మాడల్ నిల్సిదారె సార్, పార్ట్ సిగల్ల" అని లేస్తాడు. మోడల్ ఆగిపోయింది, పార్టు దొరకదు, విజిటింగ్ చార్జీ మాత్రం దొరుకుతుంది. మామగారు ఆటోలో ఎస్.పి. రోడ్డుకు బయల్దేరతారు. అక్కడ దొరకని పార్టు ఉండదని ఆయన నమ్మకం. సాయంత్రానికి దొరికిన పార్టుతోనే తిరిగొస్తారు గానీ, అది మన మిషనుది కాదు.

ఇరుపక్షాల వాదనలూ విన్నాక నా అభిప్రాయం ఇది. బాగు చేయించవద్దు, మార్చవద్దు. బెంగళూరు వంటి మహానగరానికి తగిన గార్బేజ్ డిస్పోజర్ పని చేయని గార్బేజ్ డిస్పోజర్ ఒక్కటే.

నీళ్ల సంగతే చూడండి. ఈ మిషను తిరిగినంతసేపూ పైన కొళాయి వదిలే ఉంచాలి. ఆ నీళ్లు ఎక్కడివి? సుమారు 100 కిలోమీటర్ల అవతలి కావేరి నుంచి, దశలు దశలుగా పంపులు పెట్టి ఎత్తుకొస్తున్న నీళ్లు. 2024 మార్చిలో ఇదే నగరంలో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా వేశారు. తలకావేరిలో పుట్టిన నదిని ఇంత కష్టపడి పైకి తెచ్చుకుని దొండకాయ తొడిమలను సాగనంపడానికి వాడటం ఎంత పెద్దమనిషి తరహానో మీరే ఆలోచించండి. చచ్చిన మిషనుకు చుక్క నీరు అక్కర్లేదు.

సాగనంపినవి ఎక్కడికి పోతాయన్నది ఇంకో ముచ్చట. పెద్ద అపార్టుమెంట్లలో బేస్‌మెంటులో మురుగునీటి శుద్ధి ప్లాంటు, మనందరి నోట్లో నానే ఎస్టీపీ, ఉంటుంది. అందులో సూక్ష్మజీవులు తమ మానాన తాము బాత్రూము నీళ్లు శుభ్రం చేసుకుంటూ ఉంటాయి. వాటి మీదికి రెండు వందల ఫ్లాట్ల సాంబారు, పెరుగన్నం, పకోడీల నూనె ఒక్కసారిగా దిగితే అవి మాత్రం ఏం చేస్తాయి? పని తెమలదు, వాసన వస్తుంది, ఆపరేటరు సెలవు పెడతాడు. శుద్ధయిన నీళ్లు మళ్లీ మన ఫ్లష్ ట్యాంకులకే ఎక్కుతాయి కాబట్టి, ఆదివారం మనం వదిలించుకున్న సాంబారు ఏదో ఒక రూపంలో బుధవారానికి బాత్రూములో పలకరిస్తుంది. ఆతిథ్యం బాగానే ఉంది గానీ అవసరమా అని.

న్యూయార్కు వాళ్లు తమ పాత మురుగు కాలువలు తట్టుకోలేవేమోనని ఈ మిషన్లను దశాబ్దాల తరబడి నిషేధించి, 1997లో గానీ అనుమతించలేదు. పిరికివాళ్లు. మన కాలువల్లోని మురుగు చేరే బెళ్లందూరు చెరువు నురగలు కక్కింది, 2017 ఫిబ్రవరిలో పొగలు చిమ్ముతూ అంటుకుంది కూడా. చెరువుకు నిప్పంటుకున్న చరిత్ర ఉన్న ఊరికి తోటకూర కాడలంటే భయమెందుకుంటుంది?

చట్టం కూడా చచ్చిన మిషను వైపే ఉంది. 2016 ఘన వ్యర్థాల నియమాలు తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయమన్నాయి. 2015లో హైకోర్టు చెప్పిన ప్రకారం బెంగళూరు ఇంటికి రెండు బుట్టలు, ఒక సంచి: ఆకుపచ్చ బుట్టలో తడిది, ఎర్ర బుట్టలో డైపర్ల వంటివి, సంచిలో పొడిది. మిషను నడుస్తున్నంత కాలం ఆకుపచ్చ బుట్ట మీద ధూళి పేరుకుంటుంది. అది ఆగిన మర్నాడే మునక్కాడ పిప్పి తన న్యాయమైన స్థానానికి చేరి, పొద్దున్నే వచ్చే చెత్త ఆటోలో సగౌరవంగా వెళ్లిపోతుంది. ఒక్క మోటారు కాలితే ఇల్లంతా చట్టబద్ధమవుతుంది. ఇలాంటి సంస్కరణ ఇంకే పథకంతోనూ సాధ్యపడలేదు.

(బాల్కనీలో మట్టికుండలు పెట్టి ఎరువు చేసుకునేవారు ఒక వర్గం ఉన్నారు. వాళ్ల పద్ధతే సరైనదని ఒప్పుకోవచ్చు. కానీ పేరంటానికి పిలిస్తే పిడికెడు ఎరువు కవరులో పెట్టి తెస్తారు, వాసన చూడమంటారు. వాళ్లను ఈ చర్చలోకి లాగకపోవడమే మేలు.)

అన్నట్టు, నగరం నడిచిన దారీ ఈ మిషను దారే. కంటికి కనిపించనంత దూరం నెట్టేస్తే చెత్త లేనట్టే అని శివారు గ్రామం మావళ్లిపురకు నెట్టారు. అది 2012లో మూతపడి వీధుల్లో కుప్పలు లేచాయి. తర్వాత మండూరుకు నెట్టారు, ఊరివాళ్లు తిరగబడితే 2014 చివరికి అదీ ఆగింది. ఆ తర్వాత పాత రాతి క్వారీలు. గొంతు పట్టేసిన ఊరికి అడుగున అలెన్ కీ రంధ్రం పెట్టడం ఎవరికీ తట్టలేదు.

పరువు మాటకొస్తే, పని చేయని మిషను వల్ల అది ఏమీ తగ్గదు. బంధువులు వచ్చినప్పుడు సింకు పక్కన స్విచ్ కనిపిస్తుంది, ఏమిటని అడుగుతారు, చెబుతాం. వేసి చూపించమంటే రాత్రిళ్లు వేస్తే పక్క ఫ్లాటువాళ్లు ఇబ్బంది పడతారంటాం. పగలైతే పవర్ కట్.

కాబట్టి అపార్టుమెంటు సంఘాలకు నా విన్నపం. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేయండి. ఆగిపోయిన మిషన్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టే గుర్తించాలి. ప్రతి బ్లాకులోనూ సెలవు రోజున చేతులు ఊరుకోని ఇంజినీరు ఒకడుంటాడు, వాడు నొక్కకుండా ఎర్ర బటన్ల మీద టేపు వేయించాలి. పావు అంగుళం అలెన్ కీలు ఎవరి దగ్గరున్నా ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఏడాదికొకసారి టెక్నీషియన్ వచ్చి, స్విచ్ వేసి చూసి, మిషను ఇంకా పని చేయడం లేదని కార్డు మీద సంతకం పెట్టి వెళ్లేలా ఒక ఏ.ఎం.సి., అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం, కుదుర్చుకోవాలి. పొరపాటున అది తిరిగిందా, వారంటీలో ఉంటే ఉచితంగా పాడు చేసి వెళ్లాలి. జీఎస్టీ మనమే కట్టుకుందాం.