స్టాండ్‌బై ఉందంటే సరిపోదు బాస్

బెంగళూరులో బెల్లందూరు, హెచ్‌ఎస్‌ఆర్ వైపు ఏ క్రిప్టో స్టార్టప్ వాళ్లని కదిపినా ఇప్పుడు ఒకటే మాట: "మేం సొంత సీక్వెన్సర్ రాస్తున్నాం." సీక్వెన్సర్ అంటే లేయర్ 2లో (ఎథీరియం మీద ఆనుకుని నడిచే చెయిన్) ట్రాన్సాక్షన్లకి వరస తేల్చే సర్వర్. రాసుకోండి, వద్దనేదెవరు? ఆ ప్లాన్ చూస్తేనే ఒళ్లు మండుతుంది. బ్లాక్ టైమ్, టీపీఎస్ (సెకనుకి ఎన్ని ట్రాన్సాక్షన్లు), డ్యాష్‌బోర్డ్ మొదటి క్వార్టర్‌లో. ఫెయిలోవర్ (ఒక మెషీన్ పోతే ఇంకోటి అందుకోవడం), ఫోర్స్ ఇన్‌క్లూజన్ (సీక్వెన్సర్ కాదన్నా ట్రాన్సాక్షన్‌ని చేర్చడం), బ్యాచ్ పోస్టర్ మాత్రం "ఫేజ్ టూ".

ట్రాన్సాక్షన్లని వరసలో పెట్టి బ్లాకు కట్టడం బ్రహ్మవిద్యేం కాదు. "నీ పని అయిపోయింది" అని యూజర్‌కి సీక్వెన్సర్ మాటిచ్చేస్తుంది. ఆ డేటా ఎథీరియం మీదకి ఎక్కేదాకా అది ఒట్టి మాటే. ఎక్కించాల్సింది బ్యాచ్ పోస్టర్. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి అంటగట్టేదీ దాన్నే!

బ్లాబ్ అంటే ఆ డేటాని ఎథీరియం మీదకి మోసుకెళ్లే మూట. దాని ఫీజు ఒక్కసారిగా పెరిగిందనుకోండి. పంపిన బ్లాబ్ ట్రాన్సాక్షన్ మెంపూల్‌లో (ట్రాన్సాక్షన్లు బ్లాకులోకి ఎక్కేదాకా ఎదురుచూసే చోటు) ఇరుక్కుంటుంది. మామూలు ట్రాన్సాక్షన్ అయితే ఫీజు 10 శాతం పెంచి మళ్లీ పంపితే గెత్ (ఎథీరియం నోడ్ సాఫ్ట్‌వేర్) తీసుకుంటుంది. బ్లాబ్‌కి అలా కుదరదు, ఫీజులన్నీ రెట్టింపు చేయాలి. పాత రిట్రై కోడ్ కాపీ కొట్టినవాడు 10 శాతం చొప్పున పెంచుతూ పోతాడు, నోడ్ ప్రతిసారీ తిప్పికొడుతూనే ఉంటుంది. వెనకున్న నాన్స్‌లన్నీ (ట్రాన్సాక్షన్ల వరస నంబర్లు) క్యూలోనే. పైన డ్యాష్‌బోర్డ్ మాత్రం పచ్చగా ఉంటుంది, ఎందుకంటే బ్లాకులు వస్తూనే ఉన్నాయి కదా. ఓపీ స్టాక్‌లో (లేయర్ 2 చెయిన్లు కట్టుకునే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) మామూలుగా 12 గంటల సీక్వెన్సింగ్ విండో ఉంటుంది. ఆలోపు బ్యాచ్ పడకపోతే నోడ్లు డిపాజిట్లు (ఎథీరియం వైపు నుంచి వచ్చిన ట్రాన్సాక్షన్లు) మాత్రమే ఉన్న బ్లాకులు తయారు చేసుకుంటాయి. మీరు మాటిచ్చిన బ్లాకులన్నీ రీఆర్గ్‌లో (పాత బ్లాకులు చెల్లక చెయిన్ తిరగరాసుకోవడం) గంగలో కలిసినట్టే.

ఇవన్నీ అరుదుగా జరిగేవంటారా? 2023 డిసెంబర్ 15న ట్రాఫిక్ వెల్లువకి ఆర్బిట్రమ్ వన్ అనే లేయర్ 2 సీక్వెన్సర్ ఆగిపోయింది. 2025 ఆగస్టు 5న బేస్ అనే ఇంకో లేయర్ 2 33 నిమిషాలు ఆగింది. అక్కడ స్టాండ్‌బై మెషీన్ లేక కాదు. నడుస్తున్న సీక్వెన్సర్ వెనకబడితే, కండక్టర్ (ఏ మెషీన్ నడపాలో చూసే సాఫ్ట్‌వేర్) బాధ్యతని ఇంకో మెషీన్‌కి అప్పగించింది. ఆ మెషీన్ సెటప్ ఇంకా పూర్తి కాలేదు, బ్లాకులు కట్టలేకపోయింది. అంత పెద్ద టీమ్‌కే అలా అయితే, నలుగురున్న మీరు "రాఫ్ట్ (మెషీన్లు కలిసి లీడర్‌ని ఎన్నుకునే పద్ధతి) పెట్టాం కదా" అనుకుని నిద్రపోతారా?

ఫోర్స్ ఇన్‌క్లూజన్ సంగతీ అంతే. ఆర్బిట్రమ్‌లో సీక్వెన్సర్ పట్టించుకోకపోయినా, ఎథీరియం మీదున్న డిలేడ్ ఇన్‌బాక్స్‌లో వేసిన ట్రాన్సాక్షన్‌ని దాదాపు 24 గంటల తర్వాత ఎవరైనా బలవంతంగా చేర్చొచ్చు. అది యూజర్ హక్కు. మీ వాలెట్‌లో దానికో బటన్ ఉందా?

మా లీడ్‌కి చెప్పాను: "అన్నా, టీపీఎస్ తర్వాత చూద్దాం. మొదటి స్ప్రింట్‌లోనే స్టేజింగ్‌లో (ట్రయల్ సెటప్‌లో) లోడ్ మధ్యలో లీడర్‌ని, అంటే నడుస్తున్న సీక్వెన్సర్‌ని, చంపుదాం, పోస్టర్‌ని ఆపుదాం, చెయిన్ ఎక్కడ తేలుతుందో చూద్దాం." "ఇన్వెస్టర్ డెమోకి అది పనికిరాదు రా" అన్నాడు. డెమో నడుస్తుండగా లీడర్ పోతే ఏం చూపిస్తారో మరి.