తోడి గాంధారం, ఫోనులో సూది

మా పదకొండేళ్ళ అమ్మాయి ఒక ఆదివారం పొద్దున్నే తోడి వర్ణం సాధన చేస్తూ, శ్రుతి సరిగ్గా కలిసిందో లేదో చూపించే ఆప్ ఒకదాన్ని ఫోనులో తెరిచి, ఆ ఫోనును మంచినీళ్ళ గ్లాసుకు ఆనించి ఎదురుగా పెట్టుకుంది. గాంధారం, అంటే 'గ' స్వరం, దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆప్‌లోని సూది అటూ ఇటూ ఊగిపోతూ ఎర్రరంగు వెలుగుతూ ఉంటే, తాను తప్పు పాడుతున్నానని నిశ్చయించుకుని, ఆ స్వరాన్ని గీత గీసినట్టు తిన్నగా నిలిపి పాడడం మొదలుపెట్టింది. సూది నిలబడింది, పచ్చరంగు వెలిగింది. ఆ రాత్రి జూమ్ పాఠంలో, చెన్నైలో అప్పుడే సోమవారం కాఫీ ముగించుకుని కూర్చున్న గురువుగారికి అదే గాంధారం గర్వంగా వినిపించింది. ఆవిడ నవ్వి, "సూది కదలకుండా నిలబడితే అది తోడి కాదు బంగారూ" అన్నారు. మా అమ్మాయి ఊరుకుంటుందా? నోటుబుక్కు తెరిచి కెమెరాకు చూపించింది. "హనుమత్తోడి, 8వ మేళకర్త, సాధారణ గాంధారం" అని అందులో ఉంది (మేళకర్త అంటే ఇతర రాగాలకు మూలమైన ఏడు స్వరాల రాగం; సాధారణ గాంధారం 'గ'కు ఉన్న స్థానాలలో ఒకటి). "మీరే కదా రాయించారు, గురువుగారూ?" అని అడిగింది.

పుస్తకంలో ఒక చోట స్థిరంగా కూర్చున్న గాంధారానికీ, గొంతులో రిషభ మధ్యమాల మధ్య ఊయలలూగే గాంధారానికీ ఉన్న ఆ దూరం గురించే ఈ వ్యాసం. శాస్త్రానికీ కళకూ చుక్కెదురు అని మనలో చాలామందికి గట్టి నమ్మకం. పండితుడికి రసం పట్టదని కళాకారులు, కళాకారుడికి తర్కం తెలియదని పండితులు అనుకోవడం మామూలే. మన ప్రవాస తెలుగు సంఘాల పండుగ రోజున చూడండి, సంగీతం మీద ప్రసంగం పక్కగదిలో పాతికమందికి, కచేరీ పెద్ద హాలులో ఐదువందలమందికి జరుగుతుంది. ఈ గదిలోనివారు ఆ హాలులోకి వెళ్ళరు, ఆ హాలులోనివారికి ఈ గది ఉన్నట్టే తెలియదు. అయితే మన భాష ఈ గోడను ఒప్పుకున్నట్టు నాకు కనబడదు. సాహిత్యంలో కవి వేరు, పండితుడు వేరు అంటాం గాని, సంగీతంలో వేదికెక్కి పాడేవాడినే విద్వాంసుడంటాం. పాడేది లక్ష్యం, పాడినదాన్ని గురించి చెప్పేది లక్షణం. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు.

లక్షణకారుడు అనగానే కళాకారుడి వెనకాల నడుస్తూ లెక్కలు రాసుకునే గుమాస్తా గుర్తుకు వస్తాడు గాని, 17వ శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కొలువులో 'చతుర్దండి ప్రకాశిక' రాసిన వేంకటమఖి చేసిన పని అందుకు పూర్తిగా విరుద్ధం. రిషభ గాంధారాలు కలిసే తీరులు ఆరు, ధైవత నిషాదాలు కలిసే తీరులు ఆరు, మధ్యమాలు రెండు. ఆరార్లు ముప్పై ఆరు, రెండింతలు చేస్తే 72 మేళాలు, అంటే మేళకర్తలు. మన సాఫ్ట్‌వేర్ సోదరులకు నోరూరించే లెక్క ఇది. ఈ లెక్కకు ఒకటి కలపడం గాని, ఇందులోంచి ఒకటి తీసెయ్యడం గాని ఆ ఫాలలోచనుడి వల్ల కూడా కాదని ఆయన సవాలు చేశాడు. ఆయన కాలానికి వాడుకలో ఉన్న మేళాలు మాత్రం 19. తక్కినవన్నీ ఎవరూ కాపురం పెట్టని ఇళ్ళు. అప్పటికి పుట్టని సంగీతానికి చోటు చూపించిన ఆ పట్టికను ఊహ అనకపోతే మరి దేన్ని అంటాం?

ఆ ఇళ్ళలో దీపాలు పెట్టినవారిలో త్యాగరాజస్వామి ముఖ్యుడు. ఈనాడు మనం వినే ఖరహరప్రియ స్వరూపం చాలావరకు "చక్కని రాజమార్గము", "పక్కల నిలబడి" వంటి ఆయన కృతులలోంచి వచ్చినదే. క ట ప యాది సూత్రం ప్రకారం పేరులోని 'ఖ', 'ర' అక్షరాలను అంకెలుగా మార్చుకుంటే 22వ మేళమని చెప్పవచ్చు గాని, ఆ రాగంలో నిషాదం ఎంతసేపు ఆగాలో, ఎక్కడినుంచి జారాలో ఏ సూత్రమూ చెప్పదు. కావేరి ఒడ్డున తమిళదేశంలో కూర్చుని తెలుగులో పాడుకున్న ఆ మహానుభావుడు (ప్రవాసాంధ్రులలో మనకు పెద్దన్న అనుకోవచ్చు) ముఖారి రాగంలో "సంగీత శాస్త్ర జ్ఞానము సారూప్య సౌఖ్యదమే మనసా" అన్నాడు, ధన్యాసిలో "సంగీత జ్ఞానము భక్తి వినా సన్మార్గము గలదే మనసా" అనీ అన్నాడు. శాస్త్రం మీద కోపం వచ్చినప్పుడు మనవాళ్ళు రెండోదాన్ని మాత్రమే ఉదహరిస్తూ ఉంటారు. మొదటి కృతి కూడా ఆయనదేనని గుర్తుచేస్తే కాస్త ఇబ్బంది పడతారు.

ఇక మా అమ్మాయి వేసిన ప్రశ్నకు జవాబు వెతికినవాడు ఎట్టయాపురం సంస్థానంలో ఉండిన సుబ్బరామ దీక్షితులు. 1904లో తెలుగులో అచ్చయిన ఆయన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాల మీద చిన్నచిన్న గుర్తులు కనిపిస్తాయి. ఏ స్వరం కంపించాలో, ఏది జారాలో, ఏది మరొకదాన్ని తాకి రావాలో ఆ గమక చిహ్నాలు చెబుతాయి. ఊగేదాన్ని కాగితం మీద పెట్టాలంటే ఏం పోతుందో తెలిసినవాడికే అలాంటి ప్రయత్నం సాధ్యం. ఆయన స్వయంగా వైణికుడు, వాగ్గేయకారుడు, ముత్తుస్వామి దీక్షితుల వంశంవాడు. ఆ గ్రంథాన్ని పండితుల పనిగా లెక్కవేయాలా, కళాకారుల పనిగా లెక్కవేయాలా అని అడిగితే నేను చెప్పలేను.

"శాస్త్రం నేర్చుకుంటే సృజన చచ్చిపోతుంది" అనేవారు సాధారణంగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు తెస్తారు. 1930లో గోదావరి సీమలోని శంకరగుప్తంలో పుట్టి, బడి చదువు పెద్దగా సాగకపోయినా విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ఆయన, ఐదు స్వరాలైనా లేనిది రాగమే కాదన్న పాతమాటను పక్కనపెట్టి, నాలుగే స్వరాలతో లవంగి, మహతి వంటి రాగాలు కూర్చారు. స, రి, మ, ధ అంతే లవంగి. స, గ, ప, ని అంతే మహతి. దానిమీద మద్రాసు సంగీతలోకంలో పెద్ద రగడే జరిగింది. గమనించవలసినది ఏమంటే, బహిరంగంగా గట్టిగా ఎదిరించిన వీణ ఎస్. బాలచందర్ గారు కూడా కచేరీ విద్వాంసుడే, సినిమాలు తీసిన మనిషే. అది పుస్తకానికీ గొంతుకూ జరిగిన పోట్లాట కాదన్నమాట. పైగా ఆ నాలుగు స్వరాల సాహసానికి చాలాముందే, యౌవనంలోనే, బాలమురళి 72 మేళకర్తలలోనూ కృతులు రచించి ఉన్నారు. వేంకటమఖి పట్టికలోని ప్రతి గదిలోనూ కాపురముండి చూసినవాడు ఆ తర్వాత గోడ పగలగొడితే అది ఒక తీరు. గడప తొక్కకుండానే గోడ పగలగొడతానంటే నాకు నమ్మకం కుదరదు.

మరి శాస్త్రానికీ కళకూ మధ్య ముడి తెగింది ఎక్కడ? పరీక్ష దగ్గర అని నా అభిప్రాయం. వేంకటమఖి పట్టికను కొత్తగా వినడానికి వాడుకోవచ్చు, మార్కులు వేయడానికీ వాడుకోవచ్చు. మనం రెండో పనికే ఎక్కువ వాడుతున్నాం. రెండేళ్ళ క్రితం ఒక సంఘం పిల్లల సంగీత పోటీలలో నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. మా చేతికిచ్చిన కాగితంలో శ్రుతి, లయ, ఉచ్చారణ, జ్ఞాపకశక్తి, రాగలక్షణ ప్రశ్నలు అని ఐదు గడులు, ఒక్కొక్కదానికి పది మార్కులు. పద్నాలుగేళ్ళ కుర్రవాడొకడు మోహనంలో "నను పాలింప" పాడుతూ, పల్లవి మూడో సంగతి (అదే పంక్తిని కాస్త మార్చి పాడే తీరు) అయ్యాక పాఠంలో లేని చోట ఒక్క క్షణం ఆగి, పంచమం నుంచి మెల్లగా దిగివచ్చి, మళ్ళీ పల్లవి అందుకున్నాడు. నా పక్కనున్న ఆవిడ "ఆహా" అన్నారు. నేనూ తల ఊపాను. తల ఊపుతూనే, పాఠం తప్పాడని జ్ఞాపకశక్తి గడిలో రెండు మార్కులు కోశాను. మోహనం ఏ మేళానికి జన్యం, అంటే ఏ మేళంలోంచి పుట్టింది, అని అడిగితే వాడు తెల్లబోయాడు. 28వ మేళం హరికాంభోజి అని టక్కున చెప్పిన మరో పిల్లవాడికి మొదటి బహుమతి వెళ్ళింది.

ఆ కాగితాన్ని మార్చాలని ఈ మధ్య కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. పన్నెండేళ్ళలోపు పిల్లలను రాగలక్షణ ప్రశ్నలు అడగవద్దు. అప్పటిదాకా చెవి నిండనివ్వండి. పైవయసువారికి రెండు నిమిషాలు తమకు తోచినట్టు పాడే అవకాశం ఇచ్చి, "ఆ స్వరం మీద ఎందుకు ఆగావు?" అని అడగండి. "ఏదో అలా వచ్చింది" అంటే చాలదు. పాడినవాడికి తన పాట గురించి రెండు మాటలు చెప్పుకోగలిగే పాటి శాస్త్రం ఉండాలి. అడిగేవారికి ఆ జవాబు విని అర్థం చేసుకునే పాటి సంగీతం ఉండాలి. మొదటి నియమం కంటె ఈ రెండోది కష్టమని నాకు తెలుసు. దానికి పిల్లలతోపాటు న్యాయనిర్ణేతలను కూడా పరీక్షించవలసి వస్తుంది.

అంకెలు లేకపోతే తల్లిదండ్రులు ఊరుకోరని, నిర్ణయాల మీద గొడవలవుతాయని కార్యవర్గంలో కొందరు అన్నారు. వారి భయం అబద్ధమేమీ కాదు. మార్కుల కాగితం పట్టుకుని నన్నే నిలదీసిన తండ్రి ఒకాయన ఉన్నాడు. చివరకు పెద్దపిల్లల విభాగంలో మాత్రం ఒక్క ఏడాదికి ప్రయత్నించి చూద్దామన్నారు. ఈసారి పేర్లు ఇచ్చినవారి జాబితా నిన్న నాకు పంపించారు. ఆ మోహనం కుర్రవాడి పేరు కోసం పైనుంచి కింది దాకా రెండుసార్లు చూశాను. లేదు.