శాతం తక్కువైతే చాలా? గేట్‌వే ఎంపికపై తిరుగుతున్న సలహాకు జవాబు

ఆన్‌లైన్‌లో చిన్న వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళ మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారం ఇది: "కార్డు పేమెంట్లు తీసుకునే కంపెనీలన్నీ ఒకటే. ఎవరి శాతం తక్కువైతే వాళ్ళ దగ్గర అకౌంట్ తెరవండి. పది నిమిషాల్లో అప్రూవ్ చేస్తే ఇంకా మంచిది, పెద్ద పేరున్న కంపెనీ అయితే నిశ్చింత. చార్జ్‌బ్యాకుల గొడవ మోసం చేసేవాళ్ళకే. సెక్యూరిటీ అంతా వాళ్ళే చూసుకుంటారు. నచ్చకపోతే రేపే మార్చుకోవచ్చు." (చార్జ్‌బ్యాక్ అంటే కార్డుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేసినప్పుడు, కట్టిన డబ్బును షాపు దగ్గర నుంచి వెనక్కి తీసుకోవడం.)

వినడానికి హాయిగానే ఉంది. నేనూ మొదట్లో ఇది నమ్మినవాణ్ణే. ఒక నెలలో మా అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ సంతోషం తీరకముందే మా ప్రాసెసర్, అంటే మా తరఫున కార్డు పేమెంట్లు తీసుకునే కంపెనీ (చాలామంది గేట్‌వే అనేది దీన్నే), మా సెటిల్‌మెంట్లు, అంటే మా ఖాతాకు రావాల్సిన అమ్మకాల డబ్బు, ఆపేసింది. సరుకు పంపేశాం, డబ్బు చేతికి రాలేదు, మాకు సరుకిచ్చినవాళ్ళేమో రోజూ అడుగుతున్నారు. ఆ టెన్షన్ ఇంకొకరు పడకూడదనే ఆ సలహాలోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు శాతం సంగతి. కొనేవాళ్ళు కార్డుతో కట్టినప్పుడు మన దగ్గర తెగే మొత్తం మూడు చోట్లకు వెళ్తుంది. సాధారణంగా అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. కొంత వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్కుకు పోతుంది. మిగిలినది ప్రాసెసర్‌కీ, దాని వెనకున్న బ్యాంకుకీ. మొదటి రెండింటినీ ప్రాసెసర్ తనకు తానుగా తగ్గించలేదు. కాబట్టి మరీ తక్కువ శాతం చూపిస్తున్నారంటే ఆ లోటు ఇంకెక్కడో పూడ్చుకుంటున్నారనే అర్థం. నెలవారీ ఫీజు, కనీస బిల్లు, విదేశీ కార్డులకు అదనం, కరెన్సీ మార్పిడిలో తేడా, ఒప్పందం ముందే ముగిస్తే జరిమానా. ఇవన్నీ ఉండేది ధరల పేజీలో కాదు, ఒప్పందం లోపలి పేజీల్లో.

చాలామంది శాతంతోపాటు ప్రతి లావాదేవీకీ కొంత స్థిరమైన మొత్తం కూడా తీసుకుంటారు. ఆ మొత్తం 3 అనుకుందాం. ఆర్డరు 1000 అయితే అది 0.3 శాతమే. ఆర్డరు 30 అయితే 10 శాతం! చిన్న చిన్న వస్తువులు అమ్మేవాళ్ళకు శాతం కన్నా ఈ 3 ముఖ్యం. అలాగే రిఫండ్ ఇచ్చినప్పుడు మొదట పట్టుకున్న ఫీజును చాలామంది తిరిగి ఇవ్వరు. బట్టలో చెప్పులో అమ్మేవాళ్ళకు వెనక్కి వచ్చే ఆర్డర్లు ఎక్కువ కాబట్టి ఈ ఖర్చు చూస్తుండగానే తడిసి మోపెడవుతుంది. అందుకే మీ సొంత లెక్క వేసుకోండి. సగటు ఆర్డరు ఎంత, విదేశీ కార్డులు ఎన్ని, రిఫండ్లు ఎన్ని అన్నది కాగితం మీద రాసుకుని, ఇద్దరు ముగ్గురు ప్రాసెసర్ల ధరలతో ఒక నెల మొత్తానికి ఎంత పోతుందో చూడండి. ప్రకటనలో అందరికన్నా చౌకగా కనిపించినవాళ్ళే మీ లెక్కలో ఖరీదైనవాళ్ళు కావచ్చు.

ఇక "పది నిమిషాల్లో అప్రూవల్". ఈ సలహాలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. అంత త్వరగా అకౌంట్ ఇవ్వగలిగే కంపెనీలు ఎక్కువగా అగ్రిగేటర్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే బ్యాంకు దగ్గర మీ పేరుతో విడిగా మర్చంట్ అకౌంట్ ఉండదు. కంపెనీకి ఉన్న పెద్ద అకౌంట్ కింద వేలాది షాపుల్లో మీదీ ఒకటి. చేరేటప్పుడు పెద్దగా అడగరు. కానీ చెయ్యాల్సిన పరిశీలన ఎక్కడికీ పోలేదు, తర్వాతికి వాయిదా పడిందంతే. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగినా, మామూలు కన్నా పెద్ద ఆర్డరు పడినా, చెప్పిన సరుకు కాక ఇంకొకటి అమ్మినా అప్పుడు మొదలవుతుంది. అది తేలేదాకా డబ్బు హోల్డ్‌లో ఉంటుంది. మాకు జరిగింది ఇదే.

వాళ్ళు ఊరికే అలా చెయ్యరు. డబ్బు తీసుకున్న షాపు సరుకు పంపకుండా మాయమైతే, కార్డుదారుకు తిరిగి ఇవ్వాల్సిన భారం ప్రాసెసర్ మీద, దాని బ్యాంకు మీద పడుతుంది. కార్డుదారు అభ్యంతరం చెప్పడానికి చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల గడువు ఉంటుంది. ముందే డబ్బు తీసుకుని ఆ తర్వాత ఎప్పుడో ఇచ్చే వస్తువు లేదా సేవ అయితే, ఇస్తామన్న తేదీ నుంచి ఆ గడువు లెక్క మొదలవుతుంది. అలాంటివాటికి వీసా నిబంధనల్లో గరిష్ఠ పరిమితి 540 రోజులు. ప్రీ ఆర్డర్లు, ప్రయాణాల బుకింగులు, ఏడాది కోర్సుల పేరు వింటే ప్రాసెసర్లు ఎందుకు జంకుతారో దీన్నిబట్టి తెలుస్తుంది. కొందరు ప్రతి అమ్మకంలో 5 నుంచి 10 శాతం దాకా రిజర్వుగా పట్టుకుని, 90 నుంచి 180 రోజుల తర్వాత వదులుతారు. లాభం పదో వంతు కూడా ఉండని వ్యాపారంలో 10 శాతం ఆరు నెలలు ఆగితే అసలుకే ఎసరు.

అగ్రిగేటర్లు చెడ్డవని నేను అనడం లేదు. నెలకు పాతిక ఆర్డర్లు వచ్చే షాపుకు అదే సరైన దారి. కాకపోతే హోల్డ్ ఎప్పుడు పెడతారు, ఎన్నాళ్ళు పెట్టొచ్చు, రిజర్వు ఎంత, ఏయే వ్యాపారాలు నిషేధం అన్న నాలుగు సంగతులూ ఒప్పందంలో వెతికి చదివాకే చేరండి. పెద్ద అమ్మకం పెట్టుకున్నప్పుడు ముందే మెయిల్ రాసి, సరుకు బిల్లులు జతచేసి చెప్పండి. మేం రెండోసారి ఇలా చేశాం, డబ్బు ఆగలేదు.

పెద్ద పేరుంటే నిశ్చింత అన్న మాటకు ఒక్క ఉదాహరణ చాలు. జర్మనీకి చెందిన వైర్‌కార్డ్ 2018లో ఆ దేశపు ముఖ్యమైన స్టాక్ సూచీ డాక్స్‌లో చోటు సంపాదించిన పేమెంట్ కంపెనీ. 2020 జూన్‌లో దాని లెక్కల్లో 190 కోట్ల యూరోలు కనిపించడం లేదని తేలింది, కొద్ది రోజులకే దివాలాకు దరఖాస్తు చేసుకుంది. అందుకే కొనేవాళ్ళ దగ్గర కట్ అయిన డబ్బు మన ఖాతాకు చేరేలోపు ఎవరి ఖాతాలో ఉంటుంది, అది కంపెనీ సొంత డబ్బుతో కలవకుండా విడిగా ఉంచుతారా అని అడగాలి.

చార్జ్‌బ్యాకులు మోసగాళ్ళకే వస్తాయన్నది పూర్తిగా తప్పు. నిజాయితీగా అమ్మేవాళ్ళకూ వస్తాయి, అదీ చిత్రమైన కారణాలతో. అందులో చాలా మామూలుగా జరిగేది పేరు గుర్తుపట్టకపోవడం. షాపు పేరు ఒకటి, రిజిస్టర్ చేసిన పేరు ఇంకొకటి. కార్డు స్టేట్‌మెంట్‌లో రెండో పేరు కనిపిస్తుంది. కొన్నవాళ్ళు "ఇదేంటి, నేను కట్టలేదే" అని బ్యాంకుకు ఫోన్ చేస్తారు. ఆ పేరు ఎలా పడాలో మార్చుకునే వీలు చాలా ప్రాసెసర్లు ఇస్తాయి. మొదటి రోజే మీ షాపు పేరు పెట్టి, సొంత కార్డుతో ఒకటి కొని స్టేట్‌మెంట్ చూసుకోండి.

ఓటీపీ ఉంటే చార్జ్‌బ్యాకే రాదని కొందరు ధైర్యం చెబుతారు. ఇదీ సగం నిజమే. త్రీడీ సెక్యూర్ పద్ధతిలో (ఓటీపీ అడిగేది ఇందులోనే) కార్డుదారును ధ్రువీకరించాక "ఈ లావాదేవీ నేను చెయ్యలేదు" అనే ఫిర్యాదు వస్తే ఆ భారం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదకు మారుతుంది. కానీ "వస్తువు రాలేదు", "చూపించింది ఒకటి, పంపింది ఒకటి" అనే ఫిర్యాదులకు ఓటీపీ ఏ రక్షణా ఇవ్వదు. అక్కడ మనల్ని కాపాడేవి డెలివరీ రుజువు, కొన్నవాళ్ళతో జరిగిన మెయిళ్ళు, స్పష్టంగా రాసిన రిఫండ్ నియమాలు. వాటిని పంపడానికి ప్రాసెసర్ ఎన్ని రోజుల గడువిస్తుంది, మనం గెలిచినా చార్జ్‌బ్యాక్ ఫీజు పట్టుకుంటుందా అని ముందే అడగండి. చాలామంది పట్టుకుంటారు.

వీటి సంఖ్య మీద నెట్‌వర్కుల నిఘా కూడా ఉంటుంది. మాస్టర్‌కార్డ్ లెక్కలో ఒక నెలలో కనీసం 100 చార్జ్‌బ్యాకులు వచ్చి, అంతకుముందు నెల లావాదేవీలతో పోలిస్తే అవి 1.5 శాతానికి చేరితే ఆ షాపు చార్జ్‌బ్యాకులు మితిమీరినవాళ్ళ జాబితాలోకి వెళ్తుంది. చిన్న షాపుకు నెలకు 100 రావు కదా అని ఊరట పడొద్దు. ప్రాసెసర్లు తమ సొంత పరిమితులు ఇంకా కిందే పెట్టుకుంటాయి.

సెక్యూరిటీ గురించి తక్కువలో చెబుతాను. కార్డు నంబరు టైప్ చేసే పేజీ ప్రాసెసర్‌దే అయితే మన బాధ్యత చాలా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం కార్డులు తీసుకునే ప్రతి వ్యాపారికీ వర్తిస్తుంది. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులోకి దొంగలు చొప్పించింది 22 లైన్ల కోడ్ మాత్రమే. కొనేవాళ్ళు టైప్ చేసిన కార్డు వివరాలు అటు నుంచి అటే పోయాయి. 2020లో ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. మన సైటులో పెట్టే ప్రతి చాట్ బాక్సూ, ప్రతి ప్లగిన్నూ అలాంటి దొంగలకు తలుపు కావచ్చు. అక్కర్లేనివి తీసేయండి.

చివరిది, "రేపే మార్చుకోవచ్చు". ఒక్కసారి కొని వెళ్ళిపోయే షాపైతే కొంతవరకు నిజం. నెల నెలా చందా కట్టేవాళ్ళుంటే కాదు. వాళ్ళ కార్డు వివరాలు ప్రాసెసర్ దగ్గరే ఉంటాయి, మన దగ్గర ఉండేవి వాటికి బదులుగా ఇచ్చిన టోకెన్లు అనే గుర్తులు మాత్రమే. వెళ్ళిపోయేటప్పుడు ఆ వివరాలను కొత్త ప్రాసెసర్‌కు భద్రంగా బదిలీ చేస్తామని ఒప్పందంలో లేకపోతే, ప్రతి ఒక్కరినీ మళ్ళీ కార్డు టైప్ చెయ్యమని బతిమాలుకోవాలి. సగంమంది ఆ మెయిల్ తెరవను కూడా తెరవరు. ఇంకో ప్రమాదం ఉంది. చార్జ్‌బ్యాకులు మితిమీరడం లాంటి కారణాలతో అకౌంట్ మూసేస్తే మాస్టర్‌కార్డ్ నడిపే మ్యాచ్ అనే జాబితాలో పేరు ఎక్కవచ్చు. ఎక్కితే 5 ఏళ్ళు ఉంటుంది. కొత్త ప్రాసెసర్ వెనకున్న బ్యాంకు అకౌంట్ ఇచ్చేముందు చూసేది ఆ జాబితానే.

ఇప్పుడు నేను కొత్త ప్రాసెసర్‌తో చేరేముందు ఒక పని చేస్తాను. హోల్డ్, రిజర్వు, కార్డు వివరాల బదిలీ గురించి మూడు ప్రశ్నలు వాళ్ళ సపోర్ట్‌కు మెయిల్‌లో పంపుతాను. రెండు రోజుల్లో ఒక మనిషి చదివి రాసినట్టున్న జవాబు వస్తేనే అకౌంట్ తెరుస్తాను. డబ్బు ఆగిపోయిన రోజున నాకు జవాబు చెప్పాల్సింది ఆ సపోర్టే.