కాలేయానికి రెండు న్యాయాలా?

స్కాన్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అని వస్తుంది. ‘ఈ రోజుల్లో అందరికీ ఉండేదే, బరువు తగ్గండి’ అని పంపేస్తారు. అదే హెపటైటిస్ బి అని తేలితే పరీక్షలు, మందులు, మళ్లీ రావాల్సిన తేదీలు వరుసకడతాయి. రెండు దారులూ కాలేయ క్యాన్సర్‌ దాకా పోగలవని తెలిసీ వైరస్‌కో న్యాయం, కొవ్వుకో న్యాయం ఏమిటి?

తెలియదనడానికి లేదు. స్థూలకాయంతో ముడిపడిన 13 క్యాన్సర్లలో కాలేయ క్యాన్సర్‌ ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లోనే తేల్చింది. పొట్టలోని కొవ్వు నుంచి ఫ్యాటీ ఆమ్లాలు కాలేయానికి చేరుతుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయక కాలేయం తానూ కొవ్వును తయారుచేస్తుంది. ఆ భారానికి కణాలు వాచి చనిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. లోటు పూడ్చడానికి మిగిలిన కణాలు పదేపదే విభజన చెందుతుంటే జన్యు లోపాలు పోగవుతాయి. మధుమేహం తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. సిర్రోసిస్ (మచ్చలు నిండి కాలేయం గట్టిపడటం) రాకుండానే క్యాన్సర్ బారిన పడేవారూ ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఉన్నారు.

కొవ్వు పట్టిన ప్రతి కాలేయమూ క్యాన్సర్‌కు దారితీయదు, అందరినీ హడలెత్తించొద్దు అనేవారి మాట నిజమే. అందుకే వడపోత కావాలి. కాలేయంలో మచ్చ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 లెక్క అందుకే ఉంది. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనేవి రక్తపరీక్షలో కొలిచే కాలేయ ఎంజైములు. వయసును ఏఎస్‌టీతో హెచ్చవేయాలి. వేలల్లో తీసుకున్న ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏఎల్‌టీ వర్గమూలంతో హెచ్చవేసి, మొదటి లబ్ధాన్ని దానితో భాగించాలి. 55 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1,50,000 ఉన్నాయనుకుందాం. విడివిడిగా మూడూ నార్మలే అంటారు. లెక్క కడితే 2.44! 1.3 దాటితే, 65 పైబడినవారికైతే 2 దాటితే, ఎలాస్టోగ్రఫీ అనే స్కాన్‌తో కాలేయం గట్టిదనం కొలవాలి. 8 కిలోపాస్కల్స్ లోపుంటే ముదిరిన మచ్చ దాదాపు లేనట్టే. ఫిబ్-4 2.67 మించితే నేరుగా కాలేయ నిపుణుడి దగ్గరకే. అల్ట్రాసౌండ్ గ్రేడు కొవ్వును చెబుతుందే గానీ మచ్చను చెప్పదు. గ్రేడు 1 అని నిశ్చింతగా ఉండమనడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

‘బరువు తగ్గండి’ అనేది వైద్యం కాదు, ఎంత తగ్గాలో చెప్పాలి. 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, 7 శాతానికి వాపు, 10 శాతానికి మచ్చ కూడా తగ్గే అవకాశం ఉంది. 90 కిలోల మనిషికి ఆ చివరి లక్ష్యం 9 కిలోలు. అదీ నెలల మీద. హడావుడిగా కరిగిస్తే పిత్తాశయంలో రాళ్లు పడొచ్చు. సిర్రోసిస్ ఉంటే 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, కాలేయ క్యాన్సర్ జాడ కోసం చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష తప్పవు. లావుపాటి పొట్టలో చిన్న గడ్డలు అల్ట్రాసౌండ్‌కు చిక్కకపోవచ్చు. బొమ్మ స్పష్టంగా లేకపోతే సీటీకో ఎమ్మారైకో పంపాలి. వైరస్ రోగి విషయంలో పాటించే ఈ పట్టుదల కొవ్వు రోగి దగ్గరకొచ్చేసరికి ఏమవుతోంది?

ల్యాబులు రిపోర్టు మీదే ఫిబ్-4 అచ్చువేయాలి. మధుమేహం, ఊబకాయం ఉన్న ప్రతి రోగికీ డాక్టర్లు ఆ అంకె చూసి తీరాలి. గడ్డ ముదిరాక వచ్చిన రోగిని ‘ఇన్నాళ్లూ ఏం చేశావ్’ అని మందలించే హక్కు, ముందే వచ్చినప్పుడు వెనక్కి పంపినవారికి లేదు.