తక్కువ వేడి తారు వానకు లేచిపోతుందా?

"వార్మ్ మిక్స్ అంటే సగం ఉడికిన తారు. అందులో నీళ్లు కలుపుతారు, మొదటి వానకే కంకర లేస్తుంది. పర్యావరణం పేరు చెప్పి డీజిల్ మిగుల్చుకోవడమే ఇదంతా." ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నిజాలు కొన్ని ఉన్నాయి కాబట్టే జనం నమ్ముతున్నారు.

ముందు "సగం ఉడికిన" మాట. తారును కాచేది ఉడకడానికి కాదు, పలచబడి ప్రతి రాయికీ పూతలా పట్టాలని, రోలర్ కింద సర్దుకోవాలని. మామూలు హాట్ మిక్స్‌ను, అంటే రోడ్డుకు వేసే తారు, కంకర మిశ్రమాన్ని, 150 నుంచి 180 డిగ్రీల దగ్గర కలుపుతారు. వార్మ్ మిక్స్‌లో అదే పని 20 నుంచి 40 డిగ్రీలు తక్కువలో అయిపోతుంది. ఆ లోటును మైనమో, రసాయనమో, నురగో పూడుస్తుంది. నిజానికి ఎక్కువ కాగితే తారుకే నష్టం. పలచని పూతకు అంత వేడిలో గాలి తగిలి పెళుసుబారుతుంది, రోడ్డు పగుళ్లివ్వడానికి అదొక కారణం.

నీళ్లు కలిపేది నిజమే, కానీ నురగ పద్ధతిలోనే. 100 కిలోల తారుకు ఒకటి రెండు కిలోలు, అంతే. కాగే తారులో పడగానే ఆ నీరు ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. పాలు పొంగినట్టు తారు పొంగి రాళ్లను చుట్టేస్తుంది. తర్వాత ఆవిరి చాలావరకు బయటికి పోతుంది.

వాన భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. ప్రమాదం కలిపిన నీటికంటే కంకర లోపలి తడిలో ఎక్కువ. వేడి తగ్గించినప్పుడు రాయి పూర్తిగా ఆరకపోతే తారు పట్టు వదిలేస్తుంది. అందుకే నమూనాలను నీళ్లలో నానబెట్టి పగలగొట్టి చూస్తారు. తడిదాని బలం పొడిదాని బలంలో కనీసం 80 శాతం ఉండాలన్నది చాలాచోట్ల నిబంధన. తగ్గితే సున్నమో, పట్టు పెంచే మందో కలుపుతారు. కంకర కుప్పల మీద రేకులు వేసి తడవకుండా కాపాడుకోవడం అన్నిటికంటే ముఖ్యం. యూరప్‌లో 1990ల నుంచి, అమెరికాలో 2004 నుంచి ఈ రోడ్లు వేస్తున్నారు. అమెరికాలో 2017లో వచ్చిన దీర్ఘకాలిక పరిశీలన నివేదికలో చక్రాల దారిలో గాడులు పడటం, పగుళ్లు, తడి దెబ్బ అన్నిట్లోనూ ఇవి హాట్ మిక్స్‌కు దాదాపు సమానంగా నిలిచాయి.

ఇక డీజిల్. మిగులుతుంది, ప్లాంటు ఇంధనంలో 20 నుంచి 35 శాతం దాకా. అంత ఇంధనం కాలకపోతే అంత పొగ తగ్గినట్టే కదా, అందులో మోసమేముంది?

టిప్పర్ నుంచి పేవర్‌లోకి (రోడ్డు మీద తారు పరిచే యంత్రంలోకి) హాట్ మిక్స్ ఒంపేటప్పుడు పక్కన నిలబడి చూడండి. నీలిరంగు పొగ ముఖాన కొడుతుంది. రోడ్డు పనిలో ఆ పొగ పీల్చడాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. వేడి తగ్గినకొద్దీ అదీ తగ్గుతుంది. పేవర్ వెనకే పారతో అంచులు సర్దే మనిషి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క మాట లేదు.