నెలాఖరుకి మిగిలిన 29 వేలు

ఆఫీసులో ఈసారి పని ఏపీఎల్‌లో అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "గులాబీ కార్డా? మనకి తెల్ల కార్డు ఇస్తే బాగుణ్ణు" అంది. కార్డు కాదు, కెన్నెత్ ఐవర్సన్ అనే ఆయన లెక్కలు రాసుకోడానికి పెట్టుకున్న గుర్తులే 1960లలో కంప్యూటర్ భాష అయ్యాయి అని నేను మొదలెట్టేలోపు కుక్కర్ కూసింది.

చెయ్యి తిరగాలి కదా అని ఇంటి లెక్కే వేశాను. జీతం, ఎంవీపీ కాలనీలో ఇంటద్దె, పిల్లల ఫీజు, బండి వాయిదా.

40000-15000-12000-8000

ఎంటర్ కొట్టగానే 29000! ప్రతి నెలా ఇంత మిగులుతుంటే ఇన్నాళ్లూ ఏమైపోతోందో అనుకుంటూ సాయంత్రం జగదాంబ సెంటర్‌లో దిగి 9 వేల చీర పట్టుకొచ్చాను.

రెండు రోజులు ఇంట్లో నాకు రాజభోగం. మూడో రోజు డబ్బులెక్కడివని అడిగింది. గర్వంగా ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను.

"ఏటండీ ఇది? అద్దె ఒక్కటి పోతేనే 25 కదా. ఫీజూ వాయిదా కూడా కట్టాక 29 ఎలాగవుద్ది?"

మంచి ప్రశ్నే. టెన్షన్ మొదలైంది. ముక్కలు చేసి చూద్దామని ఒక్కో ముక్కకీ ఒక పేరు పెట్టి దాచాను. తెర మీద ఏమీ రాలేదు. పేరు పెట్టి దాచుకున్న విలువని ఈ భాష అడిగితే తప్ప చూపించదు, మా మావగారి పాస్‌బుక్కు లాగా. చివరికి క్వాడ్ అనే బుల్లి పెట్టె గుర్తు, దాని పక్కన ఎడమకి చూసే బాణం, విలువని తెర మీద చూపించే ఈ రెండూ లెక్క మధ్యలో అక్కడక్కడా దూర్చాను. అప్పుడు బయటపడింది వరసగా: 4000, 11000, 29000.

ఇది కుడి నుంచి ఎడమకి లెక్కేస్తుంది! ఫీజులోంచి వాయిదా తీసేసి, ఆ మిగిలింది అద్దెలోంచి తీసేసి, దాన్ని జీతంలోంచి తీసింది. చివరి రెండు మైనస్‌లూ ప్లస్ చేస్తే 5000 వచ్చింది.

"ప్లస్‌లు పెడితే తగ్గిందేటి?" అంది ఆవిడ. ఆ 5 వేలే మా నెల రైతుబజారు ఖర్చు.

చీర తిరిగిచ్చేద్దామంటే జాకెట్టు ముక్క అప్పటికే టైలర్ దగ్గరుంది. ఇప్పుడు మా ఇంటి లెక్క పాల క్యాలెండర్ మీద పెన్సిల్‌తో నడుస్తోంది, ఎడమ నుంచి కుడికి.